దానంతటదే ఉబ్బే పరుపు

కొండ మీది క్యాంపు,
జనవరి 7

వదినా,

నువ్వు బాగున్నావని నాకు తెలుసు. నీకేమైనా అయి ఉంటే టీలో పాలు ముందా నీళ్లు ముందా అని అడుగుతూ మా అన్నయ్య ఈపాటికి మూడు ఉత్తరాలు రాసి ఉండేవాడు. అందుకని కుశల ప్రశ్నలు దాటేసి నేరుగా నా నడుము దగ్గరికి వస్తాను.

నా నడుము నన్ను వదిలేసి వెళ్లిపోయేలా ఉంది. మూడు నెలలుగా గుడారంలో నేల మీద ఒక ప్లాస్టిక్ చాప, దాని మీద దుప్పటి, దాని మీద నేను. చాప కింద రాళ్లు. పటం గియ్యడానికి నేను కొలుస్తున్న కొండకన్నా ఆ రాళ్లే నాకు బాగా తెలుసు. పొద్దున్నే వంగిపోయి గుడారంలోంచి బయటికి వస్తుంటే, ఏం పారేసుకున్నావని వంటాయన రోజూ అడుగుతున్నాడు.

మా పెద్దసారు డాక్టరు కాగితం చూశాడు. ఫిబ్రవరి ఇరవై ఐదున తానే వచ్చి చూస్తానన్నాడు. ఆ రోజు నిటారుగా నిలబడితే ఈ కొండా నాదే, దీని వెనకున్న రెండో కొండా నాదే. వంగి కనిపిస్తే మాత్రం ఆఫీసు కుర్చీకి పంపేస్తాడు. నా చోటికి ఉజ్జాయింపు వస్తాడు. ఆ పేరు పెట్టింది నేనే. కొలత పట్టకుండా కళ్లు చికిలించి చూసి "ఓ ఇరవై మీటర్లుంటుంది లే" అని రాసే మనిషి మరి. పదకొండేళ్లు ఆఫీసులో కూర్చుని అతని అంకెలు దిద్దింది నేను, సంతకం పెట్టింది అతను. పటం పూర్తి చేసినవాళ్ల పేరే దాని కింద పడుతుంది వదినా. ఈసారి నాది పడాలి.

నీ పరుపుల కొట్టున్న వీధి చివర టెంట్లు అమ్మే కొట్టుంది కదా. అక్కడ దానంతటదే ఉబ్బే పరుపులు దొరుకుతాయట. లోపల స్పాంజి ఉంటుంది. చుట్ట విప్పి మూత తిప్పితే స్పాంజి విచ్చుకుంటూ గాలిని లోపలికి లాక్కుంటుంది. అరగంటాగి మూత బిగిస్తే పరుపు తయారు. నేను పక్కకి తిరిగి పడుకుంటానని, తుంటికి నేల తగలకూడదని, కింది చలి పైకి రాకూడదని వాళ్లకి చెప్పు. నువ్వు స్వయంగా పడుకుని చూసి కొను. పరుపు సంగతి నీకన్నా తెలిసినవాళ్లెవరు?

తప్పుగా అనుకోకు. నీ దూది పరుపు ఇక్కడికి తెస్తే మంచు తాగి మూడోనాటికి తడి గోనెసంచి అవుతుంది. ఇక్కడ ఫోను పలకదు కాబట్టి జవాబు గురువారం సామాన్ల జీపులో పంపు.

ప్రస్తుతానికి వంగి ఉన్న
నీ ఆడపడుచు


పరుపుల కొట్టు, బేరాల్లేని మధ్యాహ్నం,
జనవరి 13

కొలబద్దా,

చంకలో పిల్లనుంచుకుని ఊరంతా వెతికినట్టుంది నీ పని. ఇరవై రెండేళ్లుగా పరుపులు కుడుతున్న వదినని ఇంట్లో పెట్టుకుని ఇంకో కొట్టులో కొంటావా? కొనడానికి మళ్లీ నన్నే పంపుతావా? నీ ఉత్తరం చదివిన కోపంలో మీ అన్నతో రెండు పూటలు మాట్లాడలేదు. ఆయన గమనించలేదనుకో.

అయినా వెళ్లాను. అక్కడ టై కట్టుకున్న ఒకాయన ఉన్నాడు, యాభై దాటి ఉంటాయి. నేను చెప్పులు విప్పి పరుపెక్కబోతే, అవి చూడ్డానికి పెట్టినవమ్మా అన్నాడు. పడుకోకుండా పరుపు కొనేది ఫొటోకా అని అడిగి పడుకున్నాను. మొదటిది వేలెడు మందం కూడా లేదు. బరువే ఉండదని తెగ పొగిడాడు. వీపున మోసుకు తిరిగేవాళ్లకైతే అదే మంచిదట. నా మరదలు మొయ్యదు, జీపు మోస్తుంది, జీపుకి నడుము నొప్పి లేదని చెప్పి మోచేత్తో పొడిచి చూశాను. నేల తగిలింది. రెండోది కదిలితే చాలు కాగితం నలిపినట్టు చప్పుడు. మూడోది నా ఒక్క భుజానికే సరిపోయింది. నాలుగోది నాలుగు వేళ్ల మందం, మంచి వెడల్పు. పక్కకి తిరిగి చాలాసేపు పడుకున్నాను. తుంటికి నేల తగల్లేదు. కాస్త కునుకు కూడా పట్టింది. టై ఆయన దగ్గి లేపాడు.

అదే కొన్నాను. కానీ ఆయన గాలి గురించి చెప్పే తీరు చూడాలి, గాలిని తనే కనిపెట్టినట్టు. నా పరుపుల్లో ఉన్నదేమిటట? దూదిని ఏకేది గాలి పట్టడానికి కాకపోతే మరెందుకు? గాలాడని పరుపు ముక్కిపోతుంది, ఈ పనిలో మొదట నేర్చుకునేది అదే. ఇంత పొడుగు పరుపుకి ఒకే ఒక్క కన్నం పెట్టారు పిసినారి వెధవలు. పైగా మధ్యలో ఒక్క కుట్టు లేదు. లోపలి సరుకంతా ఓ మూలకి జారిపోతే నువ్వు పరుపు మీద కూడా కొండెక్కాల్సి వస్తుంది. ఆ లోపం నేను సరిచేశాను. ఏం చేశానో అడక్కు, పడుకుంటే నీకే తెలుస్తుంది. మీద మంచి గుడ్డతో గలీబు తొడిగి, మూత దగ్గర మాత్రం వదిలి, చుట్టూ కుట్టేశాను. ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను.

ఒక్క మాట. కుర్చీ అంటే నీకంత అసహ్యం దేనికి? కుర్చీలోకి మెత్త నేను కుట్టిస్తాను. ఆ ఆఫీసు మన ఇంటికి బస్సులో పావుగంట.

నీ వదిన,
పరుపు తెలిసిన మనిషి


కొండ మీది క్యాంపు,
జనవరి 28

పరుపు తెలిసిన వదినకి,

రెండు వారాలు ఆగి రాస్తున్నాను. ఆగింది మర్యాద కోసం కాదు, పరుపు బాగుపడుతుందేమోనని.

అది వచ్చిన రోజు క్యాంపంతా పండగలా చూసింది. క్యాంపంతా అంటే నేను, వంటాయన, డ్రైవరు. మూత తిప్పి ముగ్గురం చుట్టూ నిలబడ్డాం. కాస్త పొంగింది. ఇంకా పొంగుతుందని గంటసేపు నిలబడ్డాం. తర్వాత నేనే నోటితో ఊదాను, కళ్ల ముందు చుక్కలు కనిపించేదాకా. మూత బిగించి పడుకున్నాను. ఆ మొదటి గంట మాత్రం, వదినా, నీ ఎంపికకి దణ్ణం పెట్టాలనిపించింది. తెల్లారేసరికి పరుపు, దుప్పటి, నేను ఒకే మందంలో ఉన్నాం. అప్పట్నుంచి రోజూ ఇదే వరస.

ఎక్కడో కన్నం పడి ఉంటుందని డ్రైవరు అంటాడు. టైరు సంగతి తెలిసినవాడు కాబట్టి నమ్మాను. నీళ్లలో ముంచితే బుడగలొచ్చే చోట అతుకు వెయ్యాలట. ముంచాలంటే నీ గలీబు విప్పాలి. నీ కుట్టు విప్పినవాళ్లు బాగుపడ్డట్టు చరిత్రలో లేదు కాబట్టి ముట్టుకోలేదు. పరుపు పైన గుంటలు గుంటలుగా చేతికి తగులుతున్నాయి, కంపెనీ వాళ్ల డిజైను కాబోలు.

టై ఆయనకి విడిగా ఒక ఉత్తరం పెట్టాను. పళ్లు రాలేలా రాశాను. నువ్వే చేతికివ్వు. పాడైన సరుకు అంటగట్టి నీలాంటి అమాయకురాలిని మోసం చేశాడు.

పెద్దసారు రావడానికి ఇంకా ఇరవై ఎనిమిది రోజులుంది. నడుము నిన్నటికన్నా ఇవాళ అధ్వాన్నం. కుర్చీ గురించి నువ్వు రాసింది చదివాను, చదవనట్టే ఉంటాను.

నీ ఆడపడుచు


పరుపుల కొట్టు,
ఫిబ్రవరి 3

కొలబద్దా,

నీ ఉత్తరం టై ఆయన చేతికివ్వలేదు. అక్కడున్న గిరాకీలందరికీ వినపడేలా నేనే చదివాను. రెండో పేజీ దగ్గర ఒకావిడ కొన్న టెంటు తిరిగిచ్చేసి వెళ్లిపోయింది.

ఆయన గొంతు పెంచలేదు, దానికే నాకు ఒళ్లు మండింది. ఐదేళ్ల గ్యారంటీ ఉందమ్మా, వాడిగా ఉన్నదేదీ గుచ్చుకోకపోతే మార్చి ఇస్తాం, పరుపు తీసుకురండి అన్నాడు. మా మరదలి దగ్గర వాడిగా ఉన్నది నాలుకొక్కటే అని చెప్పి వచ్చేశాను. పరుపు కిందికి పంపితే నువ్వు పడుకోవాల్సింది మళ్లీ రాళ్ల మీదే కదా. అందుకని వైద్యం నేనే చెప్తాను.

గాలి పోతోందని కంగారు పడకు. లోపలికి వెళ్లిన గాలి బయటికి రావడం జబ్బు కాదు, ఊపిరి. నీ పరుపు ఒట్టి చెమ్మపట్టి నీరసంగా ఉంది. మిట్టమధ్యాహ్నం ఎండలో వెయ్యి, రెండు గంటలు ఒకవైపు, రెండు గంటలు ఇంకోవైపు. తర్వాత కర్రతో బాదు. మొహమాటపడకు, వీలైతే ఇద్దరు చెరోవైపు నిలబడి బాదండి. ఇరవై రెండేళ్లలో ఈ వైద్యానికి లేవని పరుపు నేను చూళ్లేదు.

అప్పటికీ లేవకపోతే దిగొచ్చెయ్. నీ గది అలాగే ఉంది. మీ అన్న అందులో సైకిలు పెట్టాడు, తీయిస్తాను.

వదిన


కొండ మీది క్యాంపు,
ఫిబ్రవరి 11

వదినా,

చెప్పినట్టే చేశాను. రెండు మధ్యాహ్నాలు జీపు టాపు మీద ఎండబెట్టాను. వంటాయన, డ్రైవరు చెరో గుడారం కర్ర పట్టుకుని, నా మీదున్న కోపం కూడా కలిపి బాదారు. రెండో సాయంత్రానికి లోపలి జిగురు కరిగి, గుడ్డ ఒక చోట, స్పాంజి ఒక చోట అయ్యాయి. ఎండలో పెట్టకూడదని దాంతో వచ్చిన కాగితంలో పెద్ద అక్షరాల్లో ఉంది. ముందే చదవాల్సింది. నాకు నువ్వున్నావు కదా అని చదవలేదు.

అప్పుడు గలీబు విప్పాను.

ఎనిమిది వరసలు, వరసకి ఎనిమిది కుట్లు, ఒక్కో కుట్టుకి ఎర్ర ఊలు ముడి. టేపు పెట్టి కొలిచాను. ఒక్క కుట్టు వెంట్రుకవాసి పక్కకి పోలేదు. ఒక్కోటి పైనుంచి కిందికి దిగింది కాబట్టి మొత్తం నూట ఇరవై ఎనిమిది కన్నాలు. గాలి పరుపుకి ఇంత శ్రద్ధగా చిల్లులు పెట్టిన మనిషి ఇంకెక్కడా ఉండదు. పాపం టై ఆయన.

నిన్న కొండ వాలులో కొలత గడ పాతుతూ వంగినదాన్ని లేవలేకపోయాను. డ్రైవరు వచ్చి చంకల కింద చేతులేసి లేపాడు. పద్నాలుగు రోజులుంది. ఉజ్జాయింపు అప్పుడే పెట్టె సర్దుకుంటున్నాడని తెలిసింది.

ఒక ఉత్తరంలో కుర్చీ, ఇంకో ఉత్తరంలో గది. ఇరవై రెండేళ్ల పనితనం ఉన్న మనిషికి దబ్బనం దిగితే గాలి ఆగదని తెలియదా? నన్ను కిందికి దింపడానికే చేశావా? అవునో కాదో ఒక్క ముక్క రాయి.

ఆడపడుచు


పరుపుల కొట్టు,
ఫిబ్రవరి 16

కాదు.

ఒక్క ముక్క అడిగావు, రాశాను. ఇక మిగతాది చదువు.

నీ ఉత్తరం పట్టుకుని టై ఆయన దగ్గరికి వెళ్లి అరవై నాలుగు కుట్లు వేశానని చెప్పాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కాసేపటికి లేచి, పాత పరుపొకటి తెచ్చి, గుండుసూదితో ఒక్క పోటు పొడిచి, తొట్టిలో ముంచి నొక్కాడు. ఆ ఒక్క కన్నంలోంచి బుడగలు వస్తూనే ఉన్నాయి. లాక్కున్న గాలిని మూత బిగించి బంధిస్తేనే అది మనిషిని మోస్తుందట. ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదే. దూది పరుపు గాలాడితే బతుకుతుంది, ఇది గాలి ఆగితే బతుకుతుంది. స్పాంజి అన్న మాట వినగానే ఇదీ నా పరుపు లాంటిదే, కుట్టినవాళ్లకి పని రాలేదంతే అనుకున్నాను. కొట్టులో ఉన్నవాళ్లు ఆరుగురు నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వకపోతే బాగుండదని. ఇరవై రెండేళ్ల పేరు ఒక తొట్టిలో మునిగిపోయింది.

నిన్ను దింపాలని లేదా అంటే, ఉంది. దాచడం దేనికి? నువ్వు వెళ్లాక ఈ ఇంట్లో నాకు ఎదురు చెప్పేవాళ్లు లేరు. మీ అన్న అన్నిటికీ సరే అంటాడు. సరే అనే మనిషితో ఎంతసేపని పోట్లాడను? కొట్టు మూసి ఇంటికొస్తే మాట్లాడ్డానికి మనిషి లేక రేడియోతో వాదిస్తున్నాను. కానీ నిన్ను దింపాలనుకుంటే పైకొచ్చి చెయ్యి పట్టుకు లాగుతాను. పడుకున్నదాని కింద కన్నాలు పెట్టను. నువ్వు అలా అనుకున్నావని చదివి ఏడ్చాను. గిరాకీ ముందే ఏడ్చాను, ఆ మనిషి దిండు కొందామని వచ్చి రెండు కొనుక్కుపోయాడు.

దీంతో కొత్త పరుపు పంపుతున్నాను. నూట ఇరవై ఎనిమిది కన్నాలకి ఏ గ్యారంటీ వర్తించదు. అయితే టై ఆయనకీ నడుము నొప్పేనట. ఇంట్లోకి దూది పరుపు కావాలని, ఎవరికీ చెప్పొద్దని అడిగాడు. రెండు రోజుల్లో కుట్టిచ్చి బదులుగా ఇది తెచ్చాను.

ఇకనుంచి రాసేదంతా ఆయన చెప్పగా రాసింది, నా తెలివి చిటికెడు కూడా కలపలేదు. ఇది చాన్నాళ్లు చుట్టచుట్టి ఉంది, అందుకని మొదటిరోజు మూత తీసి పూటంతా వదిలెయ్యి. తర్వాత్తర్వాత అరగంట చాలు. నోటితో ఊదేది ఆఖరి రెండు మూడు ఊపిరులే, ఎక్కువ ఊదితే నోటి తడి లోపల చేరి బూజు పడుతుంది. పరిచే ముందు రాళ్లు ఏరి మందపాటి గుడ్డ వెయ్యి. పగలు చుట్టి పెట్టకు, మూత తెరిచి గుడారంలోనే నీడన పరిచి ఉంచు, అప్పుడే స్పాంజి పొంగు చావకుండా ఉంటుంది. మురికైతే సబ్బు నీళ్ల గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టు. అతుకులు, జిగురు వేరే పొట్లంలో పెట్టాను. వంటాయన్ని, డ్రైవర్ని కర్రలతో సహా దూరంగా ఉంచు.

నిటారుగా నిలబడు. ఉజ్జాయింపు పేరు పటం మీద చూడాల్సి వస్తే నాకు నిద్ర పట్టదు, ఏ పరుపైనా సరే.

నీ వదిన


కొండ మీది క్యాంపు,
ఫిబ్రవరి 26

వదినా,

ముందు క్షమాపణ. నిన్ను అలా అడిగిన నోటిని సబ్బు నీళ్ల గుడ్డతో తుడవాలి. నడుము నొప్పి మాట్లాడింది, నేను కాదు. సరే, కొంచెం నేను కూడా.

పరుపు పంతొమ్మిదిన వచ్చింది. చెప్పినవన్నీ పాటించాను. నాలుగోనాటికి కూర్చుని లేవగలిగాను, ఆరోనాటికి కొలత గడ పక్కన నిలబడితే ఏది గడో చెప్పడం కష్టమైంది. నిన్న సాయంత్రం పెద్దసారు వచ్చాడు. రెండు గంటలు కొండంతా తిప్పి చూపించాను. ఆయనే ఆయాసపడ్డాడు. తిరిగి క్యాంపుకి వచ్చేసరికి మంచు దిగి దారి మూసుకుపోయింది. పెద్దసారు రాత్రికి ఉండిపోవాల్సి వచ్చింది. నేను అంకెలు రాసుకుంటుంటే మన వంటాయన మర్యాద పొంగిపోయి, నా పరుపు తీసుకెళ్లి సారు గుడారంలో పరిచేశాడు. సారు అప్పటికే కూర్చుని, బాగుందే అని మురిసిపోతున్నాడు. ఎలా అడగను? పాత చాప తీసుకుని వెళ్లి పడుకున్నాను.

ఇవాళ పొద్దున ఎనిమిదింటికి ఆయన ఒళ్లు విరుచుకుంటూ బయటికొచ్చాడు. ఇంత నిద్ర పట్టి ఏళ్లయిందని అందరికీ చెప్పాడు. అప్పుడే నేనూ బయటికొచ్చాను, నేల చూస్తూ. ఆయన మొహం మారిపోయింది. జేబులోంచి కాగితం, కలం తీశాడు. "నిన్న బాగానే కనిపించావు. కానీ ఇలా అయితే కష్టం కదమ్మా. కింద కుర్చీ ఖాళీగానే ఉంది" అన్నాడు.

పదకొండేళ్లు అంకెలు దిద్ది మాట్లాడకుండా ఊరుకున్న మనిషిని వదినా. ఇంకొక్క నిమిషం ఊరుకుంటే పటం పోయేది. నోరు విప్పాను.

"నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య జరిగింది ఒక్కటే సార్. నా పరుపు మీద మీరు పడుకున్నారు. మీకు పట్టిన నిద్ర నాది."

వంటాయన గుడారం వెనక్కి మాయమయ్యాడు. ఈ పరుపు రాకముందు నువ్వు పడుకున్నది దేని మీద అని సారు అడిగాడు. చాప చూపించాను. ఒకసారి పడుకుని చూడండి సార్ అన్నాను. అనకుండా ఉండాల్సింది, వచ్చేసింది.

పడుకున్నాడు. ప్యాంటు చొక్కాలతో, కళ్లద్దాలతో, పావుగంట. పక్కకి తిరగబోయి ఆగిపోయాడు. డ్రైవరు చంకల కింద చేతులేసి లేపాడు. లేచి, నడుము పట్టుకునే సంతకం పెట్టాడు. ఈ కొండ నాది, రెండో కొండ నాది. క్యాంపులో అందరికీ పరుపులు పంపుతానన్నాడు. ఉజ్జాయింపు పెట్టె విప్పుకోవచ్చు.

రెండు కొండలంటే రెండేళ్లు వదినా. సంతకం చూసుకుని గంతెయ్యబోయాను, నడుము ఒప్పుకోలేదు. ఆ తర్వాత నువ్వు రేడియోతో వాదించడం గుర్తొచ్చింది. ఇక్కడ కూడా నాకు ఎదురు చెప్పేవాళ్లెవరూ లేరు. వంటాయన ఏమన్నా అవునంటాడు. నాకు నువ్వు లేకుండా బాగాలేదు. అయినా దిగి రాలేను.

నీ ఆడపడుచు


పరుపుల కొట్టు,
మార్చి 3

కొలబద్దా,

రెండేళ్లు అని చదవగానే నాకు సంతోషం రాలేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి? ఉత్తరం మడిచి పక్కన పడేసి, ఎవరితోనూ మాట్లాడకుండా ఒక పరుపు మొత్తం కుట్టాను. అది అయ్యాక తీసి మళ్లీ చదివాను. పెద్దసారు కళ్లద్దాలతో పడుకున్న చోట నవ్వొచ్చింది, ఆ నవ్వు వెనకే సంతోషం కూడా వచ్చింది. నీ పేరు పడుతుంది. పడాలి. పటం ఒక కాపీ నాకు పంపు, ఈ గోడకి పెడతాను. అర్థమయ్యేదేమీ ఉండదు గాని, కింద సంతకం చదువుకుంటాను.

నిన్న మళ్లీ టెంట్ల కొట్టుకి వెళ్లాను. ఈసారి నాకోసం. నేను వెల్లకిలా పడుకునేదాన్ని, మధ్యరకం మందం చాలన్నాడు టై ఆయన. ఆయన నడుము బాగుందట. కొట్టుకి పది రోజులు సెలవని బోర్డు రాసి పెట్టాను. మీ అన్నకి చెప్తే సరే అన్నాడు. ఏం చెప్పానో పూర్తిగా విన్నాడని నమ్మకం లేదు, అందుకని టీ ఎలా పెట్టాలో గోడ మీద రాశాను.

వచ్చే గురువారం జీపులో ఎక్కుతున్నాను. నువ్వు దిగి రానక్కర్లేదు. నీ గుడారంలో రెండు పరుపులు పడతాయో లేదో కొలిచి ఉంచు. పడకపోతే నీది జరుపు.

వదిన